బాల్మొరే ఊట పక్కన మా ట్రైలర్ మకాం

గురువారం

డాలస్ నుంచి బాల్మొరే స్టేట్ పార్కు నాలుగు వందల మైళ్ళ పైమాటే. కారులో అయితే పొద్దున బయల్దేరి సాయంత్రానికి చేరిపోవచ్చు. కానీ పికప్ వెనక మేము మకాం ఉండే ట్రైలర్ తగిలించుకుని, పశ్చిమ టెక్సస్ గాలిలో, అంత దూరం ఒక్క రోజులో వద్దని మా ఆయన ముందే తేల్చేశారు. స్వీట్‌వాటర్ దగ్గర గాలిమరల మధ్య నుంచి వెళ్తున్నప్పుడు పెద్ద ట్రక్కు పక్కన దాటిన ప్రతిసారీ ట్రైలర్ ఒకవైపు లాగుతుంటే, ఆయన మాట ఎంత నిజమో అర్థమైంది. అందుకే బిగ్ స్ప్రింగ్‌లో రాత్రికి ఆగాం.

ఈ ఊరికి ఆ పేరు తెచ్చిన ఊట ఊరి పక్కనే ఉండేది. కమాంచీ తెగ ఆదివాసులు, అడవిదున్నల మందలు, సైన్యం, వర్తకులు, ఈ ఎండు నేల మీద ఎవరు ప్రయాణం చేసినా ఆ నీళ్ళ దగ్గర ఆగాల్సిందే. 1880ల్లో రైలు వచ్చింది. ఆవిరి ఇంజన్లకూ, పెరుగుతున్న ఊరికీ అదే చోటు నుంచి తోడుతూ పోయారు, 1920లు వచ్చేసరికి ఊట ఎండిపోయింది. ఇప్పుడు కమాంచీ ట్రయిల్ పార్కులో ఆ గుంట నిండుగానే కనిపిస్తుంది గానీ, అవి నగరం వాళ్ళు తెచ్చి నింపే నీళ్ళు. చీకటి పడే వేళకు అక్కడ కాసేపు నిలబడ్డాం. మా ఆయనది అనంతపురం జిల్లా, నీళ్ళు ఎండిపోయిన చోటు చూస్తే ఆయన మాట తగ్గిపోతుంది.

శుక్రవారం

మిడ్‌ల్యాండ్, ఒడెస్సా దాటేదాకా అంతా చమురు వ్యవహారమే. రోడ్డు నిండా ఇసుక లారీలు, ట్యాంకర్లు, దూరంగా గ్యాస్ మంటలు. పేకోస్‌లో డీజిల్ పోయించుకుని 17వ నంబరు రోడ్డు మీద దక్షిణానికి తిరిగితే ఒక్కసారిగా రద్దీ తగ్గిపోయింది. దారిలో సారగోసా అనే చిన్న ఊరు. 1987 మేలో టోర్నడో వచ్చి ఇక్కడ 30 మంది చనిపోయారు. అది దాటాక ఎదురుగా డేవిస్ కొండలు నీలంగా లేస్తాయి, ఆ కొండల ముందు, గోధుమరంగు నేల మధ్యలో, ఎవరో గీత గీసినట్టు పచ్చని పొలాలు మొదలవుతాయి. ఇక్కడ కురిసే వాన మా అనంతపురం కన్నా తక్కువ. ఆ పచ్చదనం మొత్తం ఒక్క ఊట పుణ్యం.

పార్కులో జనం తిరిగే భాగం చిన్నది. టెక్సస్‌లో కొన్ని స్టేట్ పార్కులు వేల ఎకరాల్లో ఉంటాయి, ఇది గేటు దగ్గర నుంచి చివరిదాకా నడిచి చూసేయగలిగినంతే. మాకు వచ్చిన సైటులో కరెంటు, నీళ్ళు రెండూ ఉన్నాయి, బల్ల ఉంది, పైన నీడ ఉంది. మా ఆయన లెవెల్ పెట్టి చూసి ఎడమ చక్రం కింద బ్లాకులు వేయడం, నేను వెనక నిలబడి చెయ్యి ఊపడం, చక్రాలకు అడ్డు పెట్టాక పికప్‌కు తగిలించిన హిచ్ కొక్కెం విప్పడం, నీళ్ళ పైపుకు ప్రెషర్ రెగ్యులేటర్ బిగించడం, కరెంటు పెట్టెకు, వోల్టేజి ఒక్కసారిగా పెరిగినా సామాన్లు కాలకుండా కాపాడే సర్జ్ ప్రొటెక్టర్ తగిలించి లైట్లు సరిగా ఉన్నాయో లేదో చూశాకే ప్లగ్గు పెట్టడం, ఈ వరస మాకు ఇప్పుడు చేతికి వచ్చేసింది. కొత్తగా ఆర్వీ, అంటే ఇలా ఇల్లులాంటి బండి, కొన్న మనవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే, ఆ సర్జ్ ప్రొటెక్టర్ దగ్గర మాత్రం డబ్బులు చూసుకోకండి. 30 యాంప్స్ సైటులో ఏసీ నడుస్తుండగా ఇండక్షన్ స్టౌ పెడితే బ్రేకర్ పడిపోతుంది, అది కూడా గుర్తుపెట్టుకోండి. మేము ఏసీ ఆపేసి, స్టౌ బయట బల్ల మీద పెట్టుకుని వండుకుంటాం. తిరగమాత ఘాటు లోపల పరుపులకు, కర్టెన్లకు పట్టదు, గాలికి హాయిగా ఉంటుంది.

రాత్రి పడుకోబోయే ముందు కిటికీ తీస్తే నీళ్ళ చప్పుడు. పార్కులో కాలువ ఇరవై నాలుగు గంటలూ పారుతూనే ఉంటుంది.

శనివారం

ఈ పార్కుకు జనం వచ్చేది ఈత కొలను కోసం. ప్రపంచంలో ఊట నీటితో నిండే కొలనుల్లో ఇదే పెద్దదని చెబుతారు. సాన్ సాలమన్ ఊటల చుట్టూ 1930ల్లో సివిలియన్ కన్జర్వేషన్ కోర్ కుర్రాళ్ళు కట్టారు. ఆర్థిక మాంద్యంలో పని లేని యువకులకు పని ఇవ్వడానికి 1933లో ప్రభుత్వం పెట్టిన పథకం అది. పక్కనే అతిథులకు స్పానిష్ పద్ధతిలో గదులు కూడా కట్టారు, అవి ఇప్పటికీ నిలబడి ఉన్నాయి.

కొలను విస్తీర్ణం 1.3 ఎకరాలు, లోతు కొన్నిచోట్ల 25 అడుగులు. దాంట్లో పట్టేది 35 లక్షల గ్యాలన్లు అయితే, ఊట రోజుకు ఇచ్చేది కోటీ యాభై లక్షల గ్యాలన్ల పైనే. అంటే ఆరు గంటలు తిరక్కుండానే కొలనులో నీళ్ళన్నీ మారిపోతాయి. అందుకే క్లోరిన్ లేదు, కళ్ళు మండవు. ఏడాది పొడుగునా వేడి 72 నుంచి 76 ఫారన్‌హీట్ మధ్యే, అంటే మన లెక్కలో 22 నుంచి 24 డిగ్రీలు. మా ఆయన గట్టు మీద కూర్చుని ఫోన్లో లెక్కవేశారు, మా ఊళ్ళకు ఎండాకాలం వచ్చే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు పదకొండు వేలు, రోజూ, ఎవరూ మోటారు వేయకుండా.

నేను మెట్ల మీద నుంచి మెల్లగా దిగాను. పాచి పట్టిన చోట కాలు జారుతుంది కాబట్టి నీళ్ళలో వేసుకునే చెప్పులు వేసుకున్నాను. నడుం లోతుకు రాగానే వేలెడంత చేపలు కాళ్ళ చుట్టూ చేరి వేళ్ళు కొరకడం మొదలుపెట్టాయి. కళ్ళద్దాలు పెట్టుకుని తల ముంచితే అడుగు దాకా ఒకటే వెలుగు. మధ్యలో లోతైన చోట సిమెంటు లేదు, ఊట ఉన్న నేలను అలాగే వదిలేశారు. అక్కడ ఇసుక ఉడుకుతున్నట్టు లేస్తుంది, చిన్న గులకరాళ్ళు ఎగిరి మళ్ళీ అక్కడే పడతాయి, కింద నుంచి ఎవరో ఊదుతున్నట్టు. స్కూబా వాళ్ళు దిగి ఆ పక్కన చేతులు పెట్టి చూస్తున్నారు, వాళ్ళ బుడగలు పైకొచ్చి నా పొట్టకు తగిలి పగిలాయి.

నేను నంద్యాల పిల్లను. మహానంది కోనేట్లో మునగడం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. అక్కడా ఇంతే, అడుగున పైసా పడినా కనిపిస్తుంది, నీళ్ళు ఎప్పుడూ పారుతూనే ఉంటాయి, చలికాలం దిగితే వెచ్చగా తగులుతాయి. ఆ నీళ్ళే గుడి దాటి వెళ్ళి అరటితోటలు పండిస్తాయి. ఇక్కడ గుడి లేదు, మిగతాదంతా ఒకటే. నేను మునిగినప్పుడు చేతులు జోడించే మునిగాను, అలా కాకుండా ఎలా మునగాలో నాకు తెలియదు.

ఈ కొలను ఒకసారి పోయేదే. 2018 మేలో శుభ్రం చేయడానికి నీళ్ళు దించినప్పుడు డైవింగ్ బోర్డు పక్క గోడ కింద మట్టి కొట్టుకుపోయి గోడ దెబ్బతింది. నెలల తరబడి మూసేశారు. చందాలు పోగయ్యాయి, చుట్టుపక్కల చమురు తవ్వుతున్న కంపెనీ కూడా జనం ఎంత ఇస్తే అంత, పది లక్షల డాలర్ల దాకా జోడించి ఇచ్చింది, 2019లో మళ్ళీ తెరిచారు. ఆ కంపెనీ 2016లో ఇక్కడ పెద్ద నిక్షేపం దొరికిందని ప్రకటించినప్పుడు ఊటకు ఏమవుతుందోనని ఊళ్ళో వాళ్ళకు టెన్షన్ పట్టుకుంది. పార్కు కింద తవ్వమని కంపెనీ మాట ఇచ్చింది. సరే. కానీ ఊట నీళ్ళు పార్కు హద్దుల్లో పుట్టేవి కావు కదా. కొంత డేవిస్ కొండల మీద పడిన వాన, ఎక్కువ భాగం పడమర నుంచి ఎన్నో మైళ్ళు సున్నపురాతి పగుళ్ళలో నడిచి వచ్చే నీళ్ళు. వాటిలో కొన్ని వేల ఏళ్ళ కింద భూమిలోకి దిగినవి. గేటు ఎక్కడ పెట్టినా వాటికి హద్దు గీయడం కుదరదు.

ఆదివారం

పొద్దున ఉగ్గాని చేశాను. బొరుగులు తడిపి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, పసుపు, పైన పుట్నాల పొడి. పక్క సైటు ముసలాయన వాసనకి తల తిప్పి చూస్తుంటే ఒక ప్లేటు పట్టుకెళ్ళాను. ఆయనా, ఆవిడా లబ్బక్ వైపు పత్తి రైతులు. ఇల్లు కొడుక్కి వదిలేసి, ఏడాదిలో సగం ఆర్వీలోనే ఉంటారట. ఆవిడకు కారం ఎక్కువైంది, ఆయన మాత్రం ప్లేటు ఖాళీ చేసి మళ్ళీ వేయించుకున్నారు.

ఇక ఇద్దరు మగవాళ్ళూ నీళ్ళ మాటల్లో పడ్డారు. వాళ్ళ పొలం కింద ఉన్నది ఒగలాలా అనే భూగర్భ జలాశయం, దాని మట్టం ఆ ప్రాంతంలో దశాబ్దాలుగా పడిపోతూ వస్తోంది. ఆయన చిన్నతనంలో గొట్టం నిండా వచ్చిన నీళ్ళు ఇప్పుడు సగం కూడా రావట, కొన్ని పొలాలు వాన మీదే వదిలేశామన్నారు. మా ఆయన వాళ్ళ నాన్న సంగతి చెప్పారు. రాతి కట్టు బావి, మోట, తర్వాత ఆయిల్ ఇంజన్, తర్వాత పక్క చేనాయన బోరు వేస్తే బావి ఎండిపోవడం, ఆ తర్వాత వీళ్ళూ బోరు, వాళ్ళింకా లోతు బోరు. ముసలాయన మధ్యలో ఎక్కడా ఆపలేదు, వివరం అడగలేదు, తలూపుతూ విన్నారు. అంతా తెలిసిన కథే ఆయనకు.

మధ్యాహ్నం సియనేగ చూశాం, అంటే ఊట నీళ్ళతో తయారయ్యే చిత్తడి నేల. పాతది కొలను, కాలువల కింద పోతే, 1990ల్లో మళ్ళీ తయారు చేశారు. గట్టు మీద నిలబడటానికి చెక్క వేదిక, నీటి మట్టం కింద ఒక అద్దం కిటికీ. నేను ఆ కిటికీ దగ్గరే చాలాసేపు కూర్చున్నాను. అక్కడ కనిపించేది కమాంచీ స్ప్రింగ్స్ పప్‌ఫిష్, రెండంగుళాల చేప, ఒళ్ళంతా చుక్కలు. ఒక మగచేప పాచి పట్టిన జానెడు రాయిని తనదిగా చేసుకుని, దగ్గరకొచ్చిన ప్రతిదాన్నీ తరుముతోంది, తరిమి వచ్చి సరిగ్గా అదే చోట నిలబడుతోంది, తోక మాత్రం ఆగదు. ఈ చేపను మొదట గుర్తించింది ఫోర్ట్ స్టాక్టన్‌లోని కమాంచీ ఊటల్లో. అక్కడ ఇప్పుడు ఒక్కటీ లేదు. ఈ చుట్టుపక్కల ఊటల్లో, ఈ కాలువల్లో మాత్రమే బతికి ఉంది. దీనికోసం 1970ల్లోనే ఇక్కడ ప్రత్యేకంగా కాలువ కట్టారు.

పార్కు దాటాక నీళ్ళు సాగునీటి సంఘం కాలువల్లోకి వెళ్తాయి, గడ్డి, పత్తి పండుతాయి, మిగిలినవి బాల్మొరే చెరువులోకి. సాయంత్రం ఆ కాలువ గట్టు వెంట నడిచాం.

సోమవారం

ట్రైలర్ ఇక్కడే వదిలి, పికప్‌లో యాభై మైళ్ళ చిల్లర తూర్పుకు, ఫోర్ట్ స్టాక్టన్. ఈ ఊరు చూడాలని పట్టుబట్టింది నేనే.

ఊరి మధ్య పార్కులో కమాంచీ ఊటల స్నానఘట్టం ఉంది, 1938లో కట్టినది. 1936 నుంచి ఏటా వేసవిలో వాటర్ కార్నివాల్ జరుపుతారు, ఇప్పటికీ జరుపుతున్నారు, నింపిన కొలనులో. ఒకప్పుడు ఈ ఊటల కింద ఆరు వేల ఎకరాలకు పైగా సాగయ్యేది. 1940ల చివర, 1950ల్లో ఊరికి పడమర పెద్ద పెద్ద పంపులు పెట్టి భూగర్భజలం తోడటం మొదలైంది. ఊట తగ్గింది. కింద ఉన్న రైతులు కోర్టుకు వెళ్ళారు. తన భూమి కింది నీళ్ళు తోడుకునే హక్కు భూయజమానికే ఉందని 1954లో కోర్టు చెప్పింది. ఆ తీర్పుకు మూలం ఇంకా పాతది. 1904లో డెనిసన్ ఊళ్ళో రైల్వే కంపెనీ పెద్ద బావి తవ్వితే పక్కింటాయన బావి ఎండిపోయింది, అప్పుడు టెక్సస్ సుప్రీం కోర్టు కూడా అదే అన్నది, ఎవరు తోడితే వాళ్ళవి. 1961 నాటికి కమాంచీ ఊటలు ఆగిపోయాయి.

మేము వెళ్ళింది అక్టోబరులో, ఊట ఉన్న చోట రాళ్ళు, ఎండుటాకులు. నిలబడి చూస్తుంటే నాకు నిజంగా కోపం వచ్చింది. శనివారం నేను మునిగిన నీళ్ళలాంటివే ఇక్కడా ఉబికేవి, పిల్లలు ఈదేవాళ్ళు, ఆ చుక్కల చేప ఇలాగే రాయి చుట్టూ తిరిగేది. దేవుడు చేసిన కరువు కాదు, పది మంది నీళ్ళను ఒకరి మోటారు లాక్కోవడం, దానికి చట్టం తలూపడం. మన దగ్గర 2002లో వాల్టా చట్టం వచ్చింది, బోరుకు బోరుకు మధ్య దూరం ఉండాలని, రిజిస్టర్ చేయాలని, అనుమతి తీసుకోవాలని అందులో ఉంది. ఎంతమంది పాటిస్తున్నారో ఊళ్ళో ఉన్నవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

ఒక్క విషయం మాత్రం మనసుకు పట్టింది. 1980ల నుంచి కొన్ని చలికాలాల్లో, పొలాల మోటార్లు ఆపే నెలల్లో, ఈ ఊటలు మళ్ళీ కాస్త పారుతున్నాయి. అంటే నీళ్ళు చచ్చిపోలేదు, కిందే ఉన్నాయి, తోడటం తగ్గితే పైకొస్తాయి.

రాత్రి మా మరిది ఫోను, అక్కడ తెల్లారింది. చీనీ తోటకు ఇంకో బోరు వేయాలి, పాయింట్ పెట్టించాను, వెయ్యి అడుగులు పోవాలంటున్నారు, కొంచెం డబ్బు సర్దు అన్నా అని. ఎప్పుడూ సరే అనేసే మా ఆయన ఈసారి, పక్క తోట వాళ్ళ బోరు ఎంత దూరంలో ఉంది అని అడిగారు. అటు వైపు కాసేపు మాట లేదు. తర్వాత, నువ్వు అమెరికాలో ఉండి అట్లే అంటావ్‌లే అన్నా, ఇక్కడ చెట్లు ఎండిపోతాండాయి, అన్నాడు. అదీ నిజమే. ఇద్దరూ గంట మాట్లాడుకున్నారు, ఫారం పాండ్ గురించి, డ్రిప్ మార్చడం గురించి, వాన నీళ్ళు పాత బావిలోకి మళ్ళించడం గురించి. తేలలేదు. చెట్లు ఎండిపోతున్న మనిషికి ఆ మాట దూరం నుంచి చెప్పడం ఎంత కష్టమో పక్కన కూర్చుని విన్న నాకు తెలుసు.

మంగళవారం

పగలంతా ఈత, బట్టలు ఉతకడం, నిద్ర. సాయంత్రం వైల్డ్ రోజ్ కనుమ మీదుగా ఫోర్ట్ డేవిస్, అక్కడి నుంచి కొండెక్కి మెక్‌డొనాల్డ్ అబ్జర్వేటరీ. మంగళ, శుక్ర, శనివారాల్లో రాత్రిపూట జనానికి నక్షత్రాలు చూపించే స్టార్ పార్టీ పెడతారు, ముందే బుక్ చేసుకోవాలి. అక్కడి హాబీ-ఎబర్లీ టెలిస్కోపు అద్దం 91 ఆరుపలకల ముక్కలతో చేసింది. ఈ ప్రాంతాన్ని 2022లో అంతర్జాతీయ డార్క్ స్కై రిజర్వుగా, అంటే రాత్రి ఆకాశపు చీకటిని కాపాడే ప్రాంతంగా గుర్తించారు, వీధి దీపాలు కూడా కిందికే వంచి ఉంటాయి.

తూర్పున కృత్తికలు లేస్తున్నాయి. వాటికన్నా బాగా ఎత్తున ఆండ్రోమెడా గెలాక్సీని టెలిస్కోపు లేకుండానే చూపించారు, పాతిక లక్షల కాంతి సంవత్సరాల దూరం. చలి గట్టిగా ఉంది, రెండు స్వెట్టర్లు ఉండాల్సిందే. తిరుగు దారిలో జింకలు, అడవిపందుల్లాంటి హావెలీనాలు రోడ్డుకు అడ్డం వస్తాయి, నెమ్మదిగా నడపండి.

బుధవారం

సామాను సర్దుకుని, ట్రైలర్ మురుగు ఖాళీ చేసే డంప్ స్టేషన్‌కి. గ్లవుజులు వేసుకుని ముందు మరుగుదొడ్డి మురుగు ఉండే బ్లాక్ ట్యాంకు, తర్వాత గిన్నెలు కడిగిన నీళ్ళ ట్యాంకు, ఆ సబ్బు నీళ్ళే పైపును కడిగేస్తాయి. అక్కడ తాగే నీళ్ళ కొళాయి వేరే ఉంటుంది, రెండు పైపులూ కలవకుండా చూసుకోవాలి. లబ్బక్ ఆయన హిచ్ పిన్ను ఒకసారి చేత్తో కదిపి చూసి, బాగుంది అన్నారు. ఆవిడ పుట్నాల పొడి డబ్బా అడిగి తీసుకున్నారు, కారం తక్కువ వేసుకుంటారట.

వెళ్ళాలనుకునేవాళ్ళు సైటు బుకింగ్ నెలల ముందే చేసుకోండి, కొలనుకు పగటి పాసు కూడా ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి, నిండితే గేటు దగ్గర వెనక్కి పంపేస్తారు. మే నెలలో శుభ్రం చేయడానికి కొన్నాళ్ళు మూస్తారు, తేదీలు చూసుకోండి. లైఫ్‌గార్డులు ఉండరు, పిల్లలుంటే పెద్దవాళ్ళు నీళ్ళలోనే ఉండాలి. మన సరుకులేవీ దగ్గర్లో దొరకవు, మిడ్‌ల్యాండ్ దాటకముందే కొనుక్కోండి.

మేము జనవరి చివరికి మళ్ళీ బుక్ చేశాం. చలికి పొలాల మోటార్లు ఆగి ఉంటాయి, ఫోర్ట్ స్టాక్టన్‌లో ఊట పారుతోందేమో వెళ్ళి చూడాలి.